బాతు గుడ్లు, మా అత్తయ్య చెయ్యి

మా అత్తయ్య పొదగేస్తే ఒక్క గుడ్డు కూడా మురగదని ఊళ్ళో పేరు. పొదుగు మీదున్న కోడిని చంకలో, గుడ్లను చాటలో పెట్టుకుని ఆడవాళ్ళు మా దొడ్లోకి వచ్చేవారు. "పిన్నీ, నీ చేత్తో పెట్టు" అనేవారు. ఆవిడ చేతులు కడుక్కుని, గంపలో ఊక పోసి, గుడ్లు బేసి సంఖ్యలో పేర్చేది. ఉరుములకు గుడ్లు పాడవకుండా ఒక బొగ్గు ముక్క, ఒక ఇనుప మేకు, ఒక ఎండుమిరపకాయ పక్కన పెట్టేది. ఉరుముకీ మిరపకాయకీ ఏమిటి సంబంధమని నేను అడిగితే, "నీకు చదువెక్కువైందమ్మాయ్" అనేది.

నేను గుంటూరు బ్రాడీపేటలో కోచింగ్ సెంటర్ల మధ్య పెరిగి, మిరప పండించే ఊరికి కోడలిగా వచ్చిన దాన్ని. పొయ్యి రాజేయడం దగ్గర్నుంచి పేడకళ్ళు ఎత్తడం దాకా అన్నీ ఆవిడ దగ్గరే నేర్చుకున్నాను. నేర్పేటప్పుడు ఆవిడ నవ్వేది. ఆ నవ్వు నాకు ఒళ్ళు మండించేది. ఆవిడకు తెలియని పని ఒక్కటైనా నాకు తెలిస్తే బాగుండునని ఉండేది. నేను బాతులు పెంచాలనుకోవడానికి అసలు కారణం అదే. బాతులంటే ఇష్టం తర్వాత వచ్చింది.

రెండువేల సంవత్సరం వచ్చినా కంప్యూటర్లేవీ ఆగిపోలేదని తేలిన ఆ జనవరిలో, వరి కోసిన మళ్ళలోకి బాతుల వాళ్ళు దిగారు. రాలిన గింజలు, నత్తలు తినిపించుకుంటూ ఊరూరూ తిరిగే వాళ్ళు. అత్తయ్యా నేనూ గడ్డికి వెళ్ళి వస్తూ గట్టు మీద ఆగాం. మిరపలో మొదటి కోత కాయలు అప్పుడే కళ్ళంలో ఎండాయి. మర్నాడు తెచ్చిస్తానని చెప్పి, రెండు దోసిళ్ళ ఎండుమిరపకాయలకు తొమ్మిది గుడ్లు బేరం చేసుకున్నాను. గుడ్లు కొంగులో మూటగట్టుకుంటుంటే అతను ఏవేవో జాగ్రత్తలు చెబుతున్నాడు. ఒక్కటీ పగలకుండా మూట కట్టడమెలాగన్నదే నా ధ్యాస.

బాతులు మళ్ళలో గుడ్డు పెట్టి పోతాయే గానీ పొదగవట. అందుకని ఇంట్లో పొదుగుకొచ్చిన ఎర్రకోడి కింద పెట్టాలి. అత్తయ్య తన పద్ధతి ప్రకారం అన్నీ అమర్చి, మంచిరోజు చూసి పెట్టింది. ఎవరి చెయ్యి అయితేనేం, బాతులు నావి అనుకున్నాను.

కోడిగుడ్డు ఇరవై ఒకటో రోజున పగులుతుంది. ఊళ్ళో చిన్నపిల్లలకు కూడా తెలిసిన లెక్క. ఇరవై ఒకటో రోజు వచ్చింది, ఏమీ కాలేదు. ఇరవై రెండో రోజున అత్తయ్య గిన్నెలో గోరువెచ్చని నీళ్ళు పోసి గుడ్లు వదిలింది. లోపల పిల్ల ఉంటే గుడ్డు నీళ్ళలో ఊగుతుంది. ఒక్కటీ ఊగలేదు.

"మురిగాయమ్మాయ్. పెంటకుప్పలో పారేసిరా" అంది.

ఆవిడ చేతికి మురగడమేమిటని నాకు లోపల కొంచెం సంతోషం కూడా కలిగింది. చాట పట్టుకుని దొడ్డి చివరికి వెళ్ళాను. మొదటి గుడ్డు విసిరాను. అది కుప్ప పక్కనున్న రాయికి తగిలి పగిలింది. వాసన రాలేదు. వంగి చూశాను. తడి నూగుతో, మూసిన కళ్ళతో ఒక పిల్ల ఉంది. ముక్కు రెండుసార్లు తెరిచి మూసింది. మూడోసారి తెరవలేదు.

అప్పుడు గుర్తొచ్చింది. గట్టు మీద బాతులతను చెప్పిన జాగ్రత్తల్లో ఒకటి, "కోడిగుడ్ల లెక్క కాదమ్మా, ఇవి నాలుగు వారాలు పడతాయి" అన్నది. అది నా చెవిలో పడింది. మూట హడావుడిలో వదిలేశాను.

ఆ మాట అక్కడే ఒప్పేసుకుంటే సరిపోయేది. ఒప్పుకోలేదు. మిగిలిన ఎనిమిదీ పట్టుకుని పరుగెత్తుకొచ్చి కోడి కింద దోపి, వసారాలోకి వెళ్ళాను. అత్తయ్య ఇద్దరు పక్కింటి ఆడవాళ్ళతో కలిసి మిరపకాయల తొడిమలు తీస్తోంది.

"బతికున్న పిల్లని నా చేత చంపించారు కదా అత్తయ్యా. మీ చేతి మహిమంటే ఇదేనా?" అన్నాను, ఆ ఇద్దరికీ వినిపించేలా.

అత్తయ్య నన్ను ఒకసారి చూసింది. మళ్ళీ మిరపకాయ అందుకుంది. నన్నొక్క మాట అన్నా బాగుండేది.

ఇరవై ఎనిమిదో రోజున ఆరు పిల్లలు వచ్చాయి. ఒకదాన్ని ముంగిస ఎత్తుకుపోయింది, ఐదు మిగిలాయి. వాటితో నాకు పని తెమిలేది కాదు. నూకలు, తవుడు తడిపి పెడితే ముక్కుతో నేలంతా పూసేవి. గేదెల కుడితి తొట్టిలో దిగి ఈదితే, ఎర్రకోడి తొట్టి చుట్టూ తిరుగుతూ రెండు రోజులు గోల పెట్టి మూడో రోజు మానేసింది. దొడ్డంతా బురద, వాసన. మా ఆయన గుంటూరు మిర్చి యార్డుకు కాయల బస్తాలు వేసుకెళ్ళి వచ్చినప్పుడల్లా, "ముందు నీ పరివారం నా చెప్పుల మీంచి లేస్తే నేను లోపలికొస్తా" అనేవాడు. అయినా సాయంత్రం నా గొంతు విని వరసగా నడిచొస్తుంటే నాకు ప్రాణం లేచొచ్చేది.

కానీ నేనన్న మాట పక్కింట్లోంచి పై వీధికి, అక్కణ్ణించి ఊరంతా పాకింది. ఆ తర్వాత ఎవరు కోడిని తెచ్చినా అత్తయ్య, "మా కోడలు పెడుతుంది, ఇవ్వండి" అనేది. సిగ్గు లేకుండా చెబుతున్నాను, మొదటి రెండు మూడుసార్లు నాకు గొప్పగానే ఉంది. తర్వాత గమనించాను. నేను గుడ్లు పేరుస్తుంటే ఆవిడ ఏదో పని ఉన్నట్టు లేచి లోపలికి వెళ్ళిపోయేది. ముప్పై ఏళ్ళు చేసిన పని. నేను ఒక్క వాక్యంతో ఆవిడ చేతుల్లోంచి లాగేసుకున్నాను. అది తెలిశాక గుడ్డు ముట్టుకుంటే చాలు, నా మీద నాకే అసహ్యం వేసేది.

మరుసటి ఏడు మా బాతులు గుడ్లు పెట్టాయి. నీచు వాసనని ఇంట్లో ఎవరూ తినలేదు. ఎర్రకోడి మళ్ళీ పొదుగుకొచ్చింది. ఏడు గుడ్లు చాటలో పెట్టుకుని వసారాలోకి వెళ్ళాను. ఆ పూట అత్తయ్య ఒక్కతే కూర్చుని తొడిమలు తీస్తోంది.

"మీరు పెట్టండి అత్తయ్యా" అన్నాను.

"కారం చేతులమ్మాయ్. నువ్వు పెట్టు."

"కడుక్కుని పెట్టండి. మీరు పెట్టకపోతే నేనూ పెట్టను."

ఆవిడ తలెత్తలేదు. నిలబడే చెప్పేశాను. "ఆ పిల్ల చచ్చిపోవడంలో మీ తప్పు లేదు. నాలుగు వారాలని ఆ బాతులతను నాకు ముందే చెప్పాడు. విని మర్చిపోయాను. తప్పు నాదని తెలిసే, అందరి ముందూ మిమ్మల్ని అన్నాను."

ఏడాదిగా మోసిన మాట. చెప్పాక ఆవిడ తిడుతుందని, కనీసం ఏడుస్తుందని అనుకున్నాను. ఆవిడ చేతిలోని కాయకు తొడిమ తీసి గంపలో వేసింది.

"నేనూ విన్నాగా, గట్టు మీద పక్కనే ఉంటిని" అంది. "నేను మర్చిపోలేదు. గుడ్ల సంగతి నాకు అతను చెప్పేదేంటిలే అనుకున్నా. నువ్వు అన్నదానికి కాదమ్మాయ్ నేను మానింది."

అంతకాలం ఆవిడ నన్ను దోషిగా చూస్తోందనుకున్నాను. ఆవిడ నా వైపే చూడటం లేదు. ఆ చచ్చిన పిల్లని తన లెక్కలోనే వేసుకుని, ఊరు ఏమనుకున్నా పడి ఊరుకుంది.

ఆవిడ లేచి నూతి దగ్గరికి వెళ్ళి, కారం పోయేదాకా చేతులు రెండుసార్లు తోముకుంది. గంప ముందు కూర్చుని ఊక సర్దింది. మొదటి గుడ్డు చేతిలోకి తీసుకుని, పెట్టకుండా ఆగింది.

"ఎన్ని రోజులమ్మాయ్?" అని అడిగింది.

ఆవిడకు తెలియక అడగలేదు. "ఇరవై ఎనిమిది అత్తయ్యా" అన్నాను.