ఈశాన్యానికి మారిన బ్రిడ్జింగ్ హెడర్

ఆ రోజుల్లో నాకు దేవుడి మీద కన్నా బిల్డ్ సెట్టింగ్స్ మీద భయం ఎక్కువ. హైదరాబాదు హాస్టల్ సాంబారు తప్పించుకొచ్చి, పలాసలో మేనమామ జీడిపప్పు ఫ్యాక్టరీ మేడమీద వ్యాపారులకి సరుకమ్మే ఆయన యాప్ చూసుకునే పనిలో చేరాను. ఆ యాప్ పాతది, ఆబ్జెక్టివ్-సీ అనే పాతకాలపు కంప్యూటర్ భాషలో రాసింది. "పాతది పారీకు, కొత్తది పక్కనెట్టు" అన్నాడు మావ (ఇంట్లో విరిగిన మంచాలకీ ఆయనది అదే సూత్రం). కొత్త భాగం కొత్త భాషైన స్విఫ్ట్‌లో రాశాను. ఆ రెండూ మాట్లాడుకోవాలంటే మధ్యన బ్రిడ్జింగ్ హెడర్ అనే ఫైలుండాలి, అదెక్కడుందో బిల్డ్ సెట్టింగ్స్‌లో చిరునామా రాయాలి. రాశాను. పొద్దున యాప్ చక్కగా నడిచింది. "ఇయ్యేల యాపారులకి సూపిద్దాం. నడిసిందా, నీ ఉజ్జోగం ఖాయం. లేదా అల్లుడూ, హైదరాబాదు బండెక్కీడమే" అన్నాడు మావ.

ముహూర్తానికి టెక్కలి నుంచి సిద్ధాంతిగారొచ్చారు. తెరమీద ఫైళ్ల వరస చూసి, "రెండిటినీ కలిపేది అడుగున ఎడంపక్కనుందేమిటి నాయనా? నైరుతి! ఈశాన్యానికి మార్చు" అన్నారు. అది కుడిపక్కకి పోదండీ అంటే, "పేరైనా పెట్టు" అన్నారు. ఎదురాడితే మావ ఊరుకోడు. పైన ఈశాన్యం అని ఫోల్డర్ చేసి, ఫైలు అందులో పడేశాను.

వ్యాపారులు ఉప్మా తిని పైకొచ్చారు. మావ కొబ్బరికాయ కొట్టాడు. నేను ఫైళ్లన్నిటినీ కలిపి యాప్ తయారుచేసే బిల్డ్ మీట నొక్కాను. తెరంతా ఎర్రెర్రగా తప్పులు!

"ఏటిరా ఇది?"

"ఫైలు దొరకట్లేదట మావా."

"ఇప్పుడే గదరా నువ్వెట్టినావు!"

"వర్జ్యం వచ్చేస్తోంది" అన్నారు సిద్ధాంతిగారు, గడియారం చూసి. నా కళ్లముందు సాంబారు గిన్నె తిరిగింది. అప్పుడు వెలిగింది: ఫైలు ఇల్లు మారింది గానీ సెట్టింగ్స్‌లో పాత చిరునామాయే ఉంది! మీ వల్లేనండీ అంటే పెద్దాయనకి అవమానం. "గృహప్రవేశం అయింది గానీ కొత్త చిరునామా రాయలేదండీ" అన్నాను వినయంగా. "మరదే! రాయి, రాయి" అన్నారాయన, తనే కనిపెట్టినట్టు. రాశాను. యాప్ నడిచింది. "సిద్ధాంతిగారు సెయ్యెట్టారు, బాగైపోనాది!" అంటూ మావ ఆయనకి పట్టుపంచె పెట్టాడు. నాకు కొబ్బరిచిప్ప. వెళ్తూ వెళ్తూ ఆయన నా తలమీద చెయ్యేసి, "నూరేళ్లు బతుకు నాయనా" అన్నారు. ఉద్యోగం నిలిచిందన్న సంతోషం కూడా లేకుండా నేను లోపల ఉడికిపోయాను.

తర్వాత పెద్ద ఊళ్లలో పనిచేశాను. నా కష్టాన్ని తమ పేరున చెప్పుకున్నవాళ్లు అక్కడా బోలెడుమంది తగిలారు. ఆ రోజు ఉడికిపోయిన కుర్రాణ్ణి తలుచుకుంటే నవ్వొస్తుంది. వెర్రివాడా, పేరు కొట్టేసినా దీవించి మరీ వెళ్లే మనిషి మళ్లీ దొరుకుతాడనుకున్నావా!