బోర్డు మీద ముప్పై రెండు

ఇంటర్నెట్ సంగతి ఎత్తితే చాలు, మా బావ ఎనిమిదితో భాగించడం మొదలుపెట్టేవాడు. రెండు వేల సంవత్సరం దాటాక బాన్సువాడ బస్టాండు దగ్గర ఆయన ఇంటర్నెట్ సెంటర్ పెట్టాడు. ఎదురుగా ఉన్న ఇంకో ఇంటర్నెట్ షాపు బోర్డు మీద "స్పీడ్ 256" అని ఉండేది. బావ తీసుకున్నదీ అదే లైను. కానీ ఆయన తన బోర్డు మీద "32" అని రాయించాడు.

"గాళ్లది 256, మనది 32 అంటే మంది ఎటు పోతరు?" అని మా అక్క తల పట్టుకుంది.

"లైను స్పీడు బిట్లల్ల చెప్తరు. పాట దిగేది బైట్లల్ల. ఎనిమిది బిట్లయితేనే ఒక బైటు. 256ను ఎనిమిదితోని భాగిస్తే 32. మందికి కనపడేది గదే," అన్నాడు బావ.

వచ్చినవాళ్లందరికీ ఇదే ఓపిగ్గా చెప్పేవాడు. వాళ్లు విని, తలూపి, ఎదురు షాపుకే పోయేవాళ్లు. ఏడాది తిరగకముందే సెంటర్ మూతపడింది. కంప్యూటర్లను ఎదురు షాపాయనే కొన్నాడు. జాలిపడి బావనూ పనిలో పెట్టుకున్నాడు.

ఒక మధ్యాహ్నం నేను అక్కడే కూర్చుని ఉన్నాను. జుక్కల్ నుంచి వచ్చిన ఒకతను పాట దింపుకుంటూ, "అన్నా, 256 అని రాసిన్రు. గిక్కడ ముప్పై గూడ దాటుతలేదు. ఏంది గిది?" అని అడిగాడు.

బావ కళ్లు ఒక్కసారి మెరిశాయి. చెప్పబోతూ ఓనరు వైపు చూశాడు.

"లైను బిజీ ఉంది తమ్మీ," అన్నాడు.

సాయంత్రం ఇద్దరం కలిసే ఇంటికి నడిచాం. గడప దగ్గర బావ ఆగి, "మీ అక్కకు చెప్పకు," అన్నాడు.