జిలాని బాషా నాలుకకు ఏమైంది

కువైట్‌లో ఫర్వానియా వైపు ఏ కొత్త తెలుగు హోటలు తెరిచినా, మొదటి శుక్రవారం జిలాని బాషాను వెంటబెట్టుకుని పోవడం ఆ చుట్టుపక్కల గదుల్లో ఉండే మనవాళ్లకు ఆనవాయితీ. ఆయనేమీ వంటవాడు కాదు. ఒక అరబ్బు ఇంట్లో కారు డ్రైవరు. పొద్దున పిల్లల్ని బడిలో దింపడం, మధ్యాహ్నం తీసుకురావడం, సాయంత్రం ఆ ఇంటి పెద్దావిడను బజారుకు తిప్పడం, పదహారేళ్లుగా ఇదే పని. కానీ ఆయన నోట్లో ఉన్న నాలుక మాత్రం మామూలుది కాదని అందరూ ఒప్పుకున్నారు. అందరికంటే ముందు ఆయనే ఒప్పుకున్నాడనుకోండి, అది వేరే సంగతి.

ప్లేటు రాగానే ముందు వాసన చూసేవాడు. ఒక ముద్ద నోట్లో పెట్టుకుని కళ్లు మూసేవాడు. బల్ల చుట్టూ ఉన్న నలుగురూ తినడం మానేసి ఆయన మొహం చూసేవాళ్లు. కాసేపటికి కళ్లు తెరిచి, "ధనియాలు ఏయించకుండానే ఏసినారప్పా. మన రుచి కాదిది" అనేవాడు. ఆ మాటతో ఆ హోటలు పని అయిపోయినట్టే.

అలాగని ఆయనకు పరాయి తిండి మీద చిన్నచూపు లేదు. యెమెన్ వాళ్ల హోటల్లో మంది అనే మటన్ అన్నం ముందు కూర్చున్నాడంటే ఫోను మోగినా ఎత్తడు. ఇరానీ రొట్టె వేడివేడిగా దొరుకుతుందంటే మూడు వీధులు నడుస్తాడు. అవన్నీ బాగుంటాయి, కడుపు నిండుతుంది. ఆ తర్వాత మాత్రం ఆదోని గుర్తుకొస్తుంది. తల్లి చేతి పుండికూర గుర్తుకొస్తుంది. గోంగూరను ఆ వైపు పుండికూర, వెల్లుల్లిని తెల్లగడ్డ అంటారు. పచ్చిమిరపకాయలు, తెల్లగడ్డలు వేసి ఆమె చేసేది, జొన్నరొట్టెలోకి. ఆమె చనిపోయి పద్నాలుగేళ్లయింది.

మంగళవారం గదిలో జిలాని వంట వంతు. దుకాణంలో గడ్డ కట్టించి అమ్మే ఆకు తెచ్చి, పెద్దావిడ ఇచ్చిన ఆలివ్ నూనె పోసి, డబ్బా మసాలా చల్లి పుండికూర చేసేవాడు. పక్క గదుల వాళ్లు కూడా గిన్నెలు పట్టుకుని వచ్చేవాళ్లు. కోసిగి నుంచి వచ్చిన మారుతి ఆ గదిలో అందరికంటే చిన్నవాడు. వాడొకసారి అడిగాడు.

"అన్నా, మన రుచి మన రుచి అంటాంటావు గదా. ఇదేనా అది?"

"దగ్గరికొచ్చింది గానీ ఇది కాదు. అది ఆదోనిలో ఉంటాది," అన్నాడు జిలాని.

ఈ ఏడాది నలభై ఐదు రోజుల సెలవు మీద ఆదోనికి వచ్చేటప్పుడు ఆయన మనసులో ఒక పెద్ద ఆలోచన ఉంది. చిన్నప్పటి స్నేహితుడు అశోక్ ఎమ్మిగనూరు బస్టాండు దగ్గర ఒక గది చూసి పెట్టాడు. ఇద్దరూ కలిసి హోటలు పెడదామని రెండేళ్లుగా ఫోనులో అనుకుంటున్నారు. "వంట మాస్టరును నేను తెస్తా. నువ్వు రుచి సూసి ఇది మన రుచే అంటే సాలు, నీ నాలుకే మనకు పెట్టుబడి," అంటాడు అశోక్. అది కుదిరితే జిలాని ఇక కువైట్ పోనక్కర్లేదు. భార్య లాలాబీ దగ్గర, కూతురు సుమయ్య దగ్గర ఉండిపోవచ్చు. కుదరకపోతే మళ్లీ ఆ కారు, ఆ గది, ఆ మంగళవారాలు.

అందుకే ఈసారి ఇంట్లో మొదటి ముద్దను ఆయన మామూలుగా తినలేదు, పరీక్ష రాసేవాడిలా తిన్నాడు. ముందు గదిలో పరిచిన గుడ్డ మీద ఆయన ఒక్కడికే వడ్డన. ఆయన తిని లేచాక ఆడవాళ్లు వంటింట్లో తింటారు. ఆ ఇంట్లో మొదటి నుంచీ అదే పద్ధతి. లాలాబీ కోడికూర చేసింది, అన్నం మీద కుంకుమపువ్వు కూడా చల్లింది. జిలాని కళ్లు మూసుకున్నాడు.

కళ్లు తెరిచాక ఆయనకేమీ అర్థం కాలేదు. కూర బాగానే ఉంది. కాకపోతే కువైట్‌లో మంగళవారం తిన్నట్టే ఉంది.

"పుండికూర సెయ్యి," అన్నాడు మరునాడు. చేసింది. అదీ అంతే. అచ్చం తను గదిలో వండుకున్నదే తెచ్చి ఎవరో పళ్లెంలో పెట్టినట్టుంది.

"ఎట్లుండాది?" అని లాలాబీ గుమ్మం దగ్గర నిలబడి అడిగింది.

"బాగుండాది," అన్నాడు. ఆమె ఆ మొహం చూసి ఏమనుకుందో ఏమో, లోపలికి వెళ్లిపోయింది.

ఇంటి వంట ఎప్పుడూ ఒకలా ఉండదులే, బయట తింటే తెలుస్తుంది అనుకున్నాడు. మార్కెట్ యార్డు దగ్గర ఉచ్చీరమ్మ ఉగ్గాణి బండి ఆయన కుర్రతనం నుంచీ ఉంది. బొరుగులు, అంటే మరమరాలు, నీళ్లలో ముంచి తీసి, పుట్నాల పొడి, ఉల్లిగడ్డ వేసి తాలింపు పెట్టి, పక్కన మిరపకాయ బజ్జీలు పెట్టి ఇస్తుంది. పత్తి బేళ్లు మోసే హమాలీలంతా పొద్దున్నే అక్కడే. జిలాని ఒక ప్లేటు తీసుకున్నాడు. నాలుగు ముద్దలు తిన్నాడు. నోరు భగ్గుమంది. ఆ మంట వెనక రుచి ఏదైనా ఉందో లేదో తెలియలేదు.

"ఉచ్చీరమ్మక్కా, బొరుగులు మారినాయా?"

"లే."

"నూనె?"

"అదే శనక్కాయల నూనె. ఏమప్పా, పోలీసాయన మాదిరి అడుగుతాండావు?"

"రుచి మారిండాదేమోనని."

ఆమె ఆయన ప్లేటులోకి తొంగి చూసింది. ఒక మూలన నాలుగు పచ్చిమిరపకాయలు వరసగా పడి ఉన్నాయి. బజ్జీల్లోంచి మిరపకాయలు ఒలిచి పక్కన పెట్టి, పైనున్న పిండి మాత్రం తింటున్నాడు మన రుచిమంతుడు. తన చేతులు ఆ పని చేస్తున్నట్టు ఆయనకే తెలియదు.

"మిరపకాయ తీసేసి బజ్జీ తినేటోన్ని నిన్నే సూస్తాండా," అంది ఉచ్చీరమ్మ. పక్కన హమాలీలు నవ్వారు. జిలాని కూడా నవ్వాడు గానీ ఇంటికొచ్చేదాకా ఆ నవ్వులు ఆయన వెంటే వచ్చాయి.

ఆ తర్వాత నెల రోజులు ఆయన తిరగని చోటు లేదు. ఎమ్మిగనూరులో అశోక్‌తో కలిసి మూడు హోటళ్లలో తిన్నాడు. హొళగుందలో ఒక పెళ్లికి పోయి ఓళిగలు, అంటే బొబ్బట్లు, తిన్నాడు. ప్రతి చోటా అశోక్ ఆశగా ఆయన మొహం చూడటం, ఈయన తల ఊపడం. అది అవునో కాదో ఊపిన ఆయనకే తెలియదు. ఒకచోట సాంబారు తాగి "చింతపండు పాతది" అన్నాడు. సర్వరు "సార్, మేము టమోటాలే ఏస్తాము" అన్నాడు. అశోక్ నేల చూపులు చూశాడు. జిలానికి చెవులు వేడెక్కాయి.

ఎవరూ లేనప్పుడు వంటింట్లో చిటికెడు ఉప్పు నాలుక మీద వేసుకుని చూసుకున్నాడు. ఉప్పగా ఉంది. చక్కెర తియ్యగా ఉంది. మరి లేనిదేమిటి? ఆదోనిలో ఒక డాక్టరుకు చూపించుకుంటే ఆయన నోట్లోకి టార్చి వేసి చూసి, నాలుక దివ్యంగా ఉందని చెప్పి, విటమిన్ మాత్రలు రాసిచ్చాడు. దివ్యంగా ఉన్న నాలుకకు మాత్రలెందుకో అడుగుదామనుకుని అడగలేదు.

రాత్రి పడుకుంటే పిచ్చి పిచ్చి అనుమానాలు. అమ్మీ పుండికూర అసలు అంత బాగుండేదా, తనే ఊహించుకున్నాడా? పదహారేళ్లు హోటలు హోటలుకూ పోయి "మన రుచి కాదు" అని తీర్పులిచ్చాడే, అది ఏ రుచిని చూసుకుని ఇచ్చినట్టు? ఆ రుచి ఆదోనిలోనూ లేకపోతే, ఇంట్లోనూ లేకపోతే, తను అబద్ధం చెప్పినట్టేనా? ఆయనకు నిజంగా భయం వేసింది. తను ఎక్కడి మనిషో చెప్పడానికి తన దగ్గర ఉన్నది ఆ ఒక్క నాలుకే.

ముప్పై ఆరో రోజు తేల్చేసుకున్నాడు. హోటలు వద్దు, గది వదిలేయమని అశోక్‌కు ఎదురుగా చెప్పాలి. మధ్యాహ్నం తిండికి రానని లాలాబీతో చెప్పి బస్టాండుకు వెళ్లాడు. బస్సు ఎక్కబోతుంటే అశోకే ఫోను చేశాడు. కోసిగిలో వాళ్ల బంధువు ఒకాయన పోయాడట, అక్కడికి పోతున్నాడట, రేపు రమ్మన్నాడు. జిలాని వెనక్కి తిరిగాడు.

సందు మలుపు తిరిగేసరికి ఒక వాసన వచ్చి తగిలింది. మాడీ మాడని తెల్లగడ్డ, పచ్చిమిరపకాయ, పుల్లటి ఆకు. కాళ్లు వాటంతటవే ఆగాయి. ఎవరింట్లోనో ఎవరో అదృష్టవంతులు తింటున్నారు అనుకుని, ఒక్కో గడప దాటుతూ వాసన పట్టుకుని నడిచాడు. నడిచి నడిచి తన ఇంటి ముందే నిలబడ్డాడు. నమ్మకం కుదరక ఒకసారి పక్కింటి వైపు కూడా చూశాడు.

వంటింట్లో లాలాబీ, సుమయ్య నేల మీద ఎదురెదురుగా కూర్చుని ఉన్నారు. మధ్యలో జొన్నరొట్టెలు, ఒక మట్టికుండ. ఆయన్ని చూసి లాలాబీ గబుక్కున లేచి కుండ మీద మూత పెట్టింది.

"రానంటిరే! ఉండండి, మీకు వేరే సేస్తా."

"అదేంది?"

"ఏం లే. మా కూర."

"మీ కూరేంది? నాదేంది?"

లాలాబీ మూత మీద చెయ్యి తీయలేదు. పదిహేనేళ్ల సుమయ్యకు మాత్రం ఇందులో దాచాల్సిందేముందో అర్థం కాలేదు. "అబ్బాజాన్, నువ్వొచ్చినప్పుడల్లా అమ్మీ రెండు కూరలు సేస్తాది. నీకు కువైట్ మసాలా, కువైట్ నూనె. మాకు మామూలుది," అంది.

జిలాని గోడకు ఆనుకున్నాడు. తను ప్రతిసారీ కువైట్ నుంచి తెచ్చే డబ్బాలతోనే తనకు వండి పెడుతోందా? ప్రతి సెలవులోనూ?

"ఎవురు సెప్పినారు నీకట్ల సెయ్యమని?"

అప్పుడు వచ్చింది లాలాబీకి కోపం. "మీరే! మొదటిసారి సెలవుకొచ్చినప్పుడు ఇదే కూర పెడితే దగ్గి దగ్గి నీళ్లు తాగి, ఇంత కారమెట్ల తింటారు మీరు అన్లేదా? అంత దూరంనుంచి మోసుకొచ్చినా, ఒక్క డబ్బా గూడా తెరిసినట్టు లేదే అన్లేదా? అప్పట్నుంచి మీకు అవే ఏసి సేస్తాండా. ఆ నూనె వాసనకు నాకు కడుపులో తిప్పినా సేస్తాండా. మీకు బాగుంటాదని!"

అన్నాడా? అని ఉంటాడు. ఆయనకు గుర్తు లేదు. అన్నవాడికి గుర్తుండదు, విన్నావిడకు పద్నాలుగేళ్లుగా గుర్తుంది. కువైట్‌లో ఆదోని వంటనుకుని ఏదో తిన్నాడు, ఆదోనిలో ఇంటి వంటనుకుని కువైట్ తిన్నాడు. మరి తను ఇంటికి వచ్చింది ఎప్పుడు? నవ్వాలో ఏడవాలో తెలియక కూతురి పక్కన చతికిలబడ్డాడు.

"పెట్టు," అన్నాడు.

"మీకు పడదు."

"పెట్టు లాలా."

రొట్టె ముక్క తుంచి, కూర అద్ది, నోట్లో పెట్టుకున్నాడు. ఈసారి కళ్లు మూసుకోవడం మరిచిపోయాడు. అదే. అనుమానమే లేదు. తల్లి, పత్తిమిల్లులో పనిచేసే తండ్రికి గేటు దగ్గర సద్ది ఇచ్చి తనకో ముద్ద పెట్టిన ఎండపూట, అంతా ఒక్కసారిగా నోట్లోకి వచ్చేసింది. సంతోషంతో ఏదో అనబోయాడు. అంతలో మంట అందుకుంది. చెవులు మండాయి, ముక్కు కారింది. వెక్కిళ్లు పట్టుకున్నాయి. సుమయ్య నీళ్లు ఇచ్చి నోరు మూసుకుని నవ్వుతోంది.

నాలుక బతికే ఉంది. రుచిని గుర్తుపట్టింది. తినడం మాత్రం చేతకావడం లేదు. ఇది గెలవడమో ఓడిపోవడమో ఆయనకు తెలియలేదు.

"నేను సెప్తి గదా," అంది లాలాబీ, కోపం కొంచెం తగ్గి. "ఒక నెల రెండు నెల్లు దినమూ తింటే మళ్లీ అలవాటైతాది. మీరు ఉండేది తొమ్మిది దినాలు. దానికోసరం కడుపు మండించుకునేది ఎందుకు?"

జిలాని రెండో ముక్క తుంచాడు.

"తొమ్మిది దినాలు కాకుంటే?"

 ఇలాంటి మాటలు లాలాబీ ప్రతి సెలవులోనూ విన్నది. వచ్చే ఏడాది వచ్చేస్తా, ఇల్లు పూర్తి కాగానే వచ్చేస్తా. అందుకని ఆమె మొహంలో సంతోషమేమీ కనబడలేదు.

"నాకు ఆ కథలన్నీ సెప్పొద్దండి. రెండు కుండలు పెట్టి పెట్టి నా సేతులు పడిపోయినాయి. రేపట్నుంచి ఎన్ని పెట్టల్ల, అది సెప్పండి సాలు."

అశోక్‌కు ఏం చెప్పాలో, కారు యజమానికి ఏం చెప్పాలో, కారం తినలేనివాడు ఎమ్మిగనూరులో హోటలు ఎలా పెడతాడో, ఒక్కటీ ఆయనకు తోచలేదు. వెక్కిళ్ల మధ్య మాట కూడా సరిగ్గా రావడం లేదు.

"ఒకటే పెట్టు," అన్నాడు.

లాలాబీ ఆ మాట నమ్మిందో లేదో చెప్పలేం. కుండను మాత్రం ఆయనకూ అందేలా మధ్యకు జరిపింది.