ప్రభంజనం కాదన్న ప్రెసిడెంటు

మా సింగపూరు తెలుగు సంఘం ప్రెసిడెంటు శుక్రవారం పొద్దున పోయాడు. ఆఫీసుకి బయల్దేరేముందు టీ తాగుతూ కుర్చీలోనే ఒరిగిపోయాడట. ఆస్పత్రికి చేర్చేలోపే అయిపోయింది. కబురు చెప్పిన మా సంఘం కుర్ర ఇంజినీరు ఫోనులో వెక్కివెక్కి ఏడ్చాడు. నేను ఏడవలేదు. స్టవ్వు కట్టేసి, చొక్కా తొడుక్కుని, యీషున్‌లో ఆయన ఫ్లాటుకి వెళ్ళాను.

నాకు చదువు తక్కువ. మలేసియా రబ్బరు తోటలో పుట్టి, పని వెతుక్కుంటూ ఇక్కడికొచ్చి, ఓడల యార్డులో వెల్డింగు చేసినవాణ్ణి. అక్షరాలు కూడబలుక్కుని రాస్తాను. అయినా ఈ నాలుగు మాటలూ నేనే రాయాలి. ఆయన చేతిలో ఓడిపోయినవాణ్ణి నేనే.

సంఘం పెట్టింది మావంటి పాతకాపులు. కంప్యూటరు ఉద్యోగాలు వచ్చాక ఇండియా నుంచి కుర్రకారు దిగింది, సభ్యుల్లో వాళ్ళే ఎక్కువైపోయారు. అంతవరకు మా ఎన్నిక పేరుకే. ఉగాది భోజనాలనాడు ఎవరో ఒక పేరు చెప్పేవారు, అందరూ చప్పట్లు కొట్టేవారు, విస్తళ్ళు పరిచేవారు. కొన్నేళ్ళ కిందట పాత ప్రెసిడెంటుకి వేరే దేశం బదిలీ అయి పదవి సగంలో ఖాళీ అయింది. మధ్యంతర ఎన్నిక వచ్చింది, అదీ భోజనాలతోనే. మొదటిసారి రెండు పేర్లు లేచాయి. ఒకటి నాది. రెండోది ఆయనది. హైదరాబాదు ముస్లిం, చాంగీ బిజినెస్ పార్కులో ఏదో బ్యాంకు కంప్యూటర్లు చూసే పెద్ద ఉద్యోగి.

వంట మొదటినుంచీ మా పాత కుటుంబాలదే. పైన హాల్లో చేతులెత్తమన్నప్పుడు మేమంతా వెనక పెరట్లో పొయ్యిల దగ్గర ఉన్నాం. పోటీ చేసిన నేను కూడా. పులిహోర గిన్నె పైకి మోసుకెళ్ళేసరికి అంతా అయిపోయింది.

"ల్యాండ్‌స్లైడ్ అంకుల్! మీ సైడ్ చేతులు అసలు లేవలేదు!" అన్నాడు ఇదే ఇంజినీరు. అక్కడితో ఆగలేదు. "మన సంఘం పత్రికలో ప్రభంజనం అని పెద్ద హెడ్డింగ్ పెడదాం సార్. జనం క్లియర్‌గా చెప్పేశారు కదా, కమిటీ మొత్తం మార్చేద్దాం. ఈ వంట గోల కూడా ఎందుకు, కేటరింగ్ చెప్పేద్దాం."

ఆ గిన్నె పోతే మాకు సంఘంలో ఏం మిగులుతుంది? మేం పెట్టిన సంఘానికి మేమే చుట్టాల్లా వచ్చి, తిని పోవాలి. అడుక్కోవడం నాకు రాదు. గరిటె బల్లమీద పెట్టేసి, "పదండర్రా" అన్నాను మావాళ్ళతో.

"ఆగు పెద్దన్నా. నువ్వు ఓటేసినవా?" అన్నాడాయన.

"పులిహోర కలుపుతున్నానయ్యా. ఉప్పు తప్పితే నీ ఓటర్లే తిడతారు."

"వదినె?"

"సాంబారు దగ్గర."

ఆయన కుర్రాళ్ళ వైపు తిరిగాడు. "పోటీ చేసినోడే ఓటెయ్యలె. వండినోళ్ళెవ్వరు ఎయ్యలె. తిననీకి కూసున్నోళ్ళు చేతులెత్తిన్రు. ఇందుల ప్రభంజనం యాడిదిరా?"

"వాళ్ళు వేసినా మీరే గెలిచేవారు సార్."

"గెలుస్తుంటినేమో. గెలుపు నాదే, కాదంటలేను. ఆ ప్రభంజనం ముక్క పత్రికల రాస్తే మాత్రం నేను కుర్చీల కూసోను."

నాకు ఒళ్ళు మండింది. "జాలి పడకయ్యా. ఓడితే ఓడాను."

"జాలెవడు పడ్తుండు? నీ పులిహోర పోతదని నా భయం నాకున్నది" అని ముందు తానే విస్తరి పట్టుకొచ్చి నిలబడ్డాడు. హాలంతా నవ్వింది. నేను నవ్వలేదు గానీ గరిటె తీశాను.

ఇప్పుడాయన లేడు కాబట్టి చెబుతున్నాను. మావాళ్ళందరూ చేతులెత్తినా నేను ఓడిపోయేవాణ్ణే. అది ఆయనకీ తెలుసు. తెలిసీ కమిటీలో సగం మావాళ్ళనే ఉంచాడు. వంట మాకే వదిలాడు. ఆ తర్వాత ప్రతి ఓటింగుకి ముందు పొయ్యిలు ఆర్పి, వండేవాళ్ళంతా పైకి రావాలని కట్టడి పెట్టాడు. అన్నం చల్లారిపోతుందని నేనే గొణిగాను. "చల్లన్నం తిందాం పెద్దన్నా, సచ్చిపోతమా?" అన్నాడు.

ఎక్కడో ఎన్నికల్లో ఎవరో తుడిచిపెట్టేశారని టీవీలో చెబితే ఇద్దరం కాఫీ షాపులో గంటలకొద్దీ దెబ్బలాడుకునేవాళ్ళం. గెలుపంటే గెలుపే, దానికి చిన్నా పెద్దా ఏమిటని నా వాదన. ఆయన వేడి కోపీ, అదే ఇక్కడి కాఫీ, సాసర్లో పోసుకుని ఊదుకుంటూ వినేవాడు. "గెలిచినోడు నెమ్మదిగ నడవాలె. ఓడినోడు ఎన్కవడ్డడేమో చూస్కుంట నడవాలె" అనేవాడు. నేను ఒప్పుకోలేదు. ఇప్పటికీ పూర్తిగా ఒప్పుకోను. మీటింగులకి మాత్రం ముందే వచ్చి, తన పక్క కుర్చీ మీద టిష్యూ ప్యాకెట్టు పెట్టి నాకోసం ఆపేవాడు. ఇక్కడ తినే చోట బల్ల ఆపుకోవడానికి చేసే పని అది, మీటింగులో ఎవరూ చెయ్యరు. నేను ఆలస్యంగా వస్తే, కావాలనే అందరికీ వినబడేలా, "ప్రతిపక్షం వచ్చింది, ఇగ మొదలువెట్టుండ్రి" అనేవాడు. ఆ మాట వింటే నా నడుము నిటారయ్యేది.

వాళ్ళ ఆచారంలో చావు జరిగిన ఇంట్లో మూడు రోజులు పొయ్యి వెలిగించరట. ఇరుగుపొరుగు అన్నం పంపాలి. ఎవర్నీ అడగలేదు, మావాళ్ళు సంఘం గిన్నెలు దింపి పప్పూ అన్నం వండారు. గిన్నె ఒక చెవి నేను పట్టుకున్నాను. రెండో చెవి పట్టుకోవడానికి ఆ ఇంజినీరు ఆఫీసు నుంచి నేరుగా వచ్చాడు.

"మీరు వదిలేయండి అంకుల్, బరువు."

"నోరుమూసుకుని నడు."

ఆయన గుమ్మం ముందు, పక్కింటి తలుపు దాకా, పాదరక్షలే. ఆఫీసు బూట్లు, మావాళ్ళ రబ్బరు చెప్పులు, ఆడవాళ్ళవి, పిల్లలవి, ఒకదానిమీద ఒకటి ఎక్కి ఉన్నాయి. మావి పెట్టడానికి చోటు లేదు. గిన్నె దించకుండానే కాళ్ళవి లిఫ్టు దగ్గర విడిచేసి, ఇద్దరం వట్టి కాళ్ళతో అడుగులో అడుగేసుకుంటూ నడిచాం. మూత సందుల్లోంచి ఆవిరి వస్తూనే ఉంది.