షార్జా నుంచి వచ్చిన ఈ-సంతకం

కరోనా తగ్గిన మరుసటి ఏడాది వేసవిలో నన్ను మంచిర్యాల వైపు ఒక చిన్న ఊరికి సబ్-రిజిస్ట్రారుగా బదిలీ చేశారు. ఉద్యోగంలో అదే నా చివరి కుర్చీ. స్టాంపు ప్యాడ్ సిరా వాసన, పది గంటలకల్లా వరండా నిండే జనం, అటెండరు తెచ్చే అల్లం చాయ్ ఇప్పటికీ గుర్తొస్తాయి. అక్కడే నన్నొకడు నలుగురిలో అవమానించాడు. అదీ మరచిపోలేదు.

ఒక ఉదయం సుజాత అనే ఆమె దస్తావేజు లేఖరి వెంట వచ్చింది. భర్త షార్జాలో మేస్త్రీ. నడుం దెబ్బతిని, ఇక ఆ పని తనవల్ల కాదన్నాడు. అతని పేరున్న ప్లాటు అమ్మి బస్టాండు దగ్గర కిరాణా దుకాణం పెట్టుకుంటే ఇంటికి వచ్చేయవచ్చు. కొనేవాడూ గల్ఫ్ మనిషే. సెలవు మీద వచ్చాడు, నెల రోజుల్లో తిరుగు విమానం. అమ్మే అధికారం సుజాతకిస్తూ భర్త పంపిన జీపీఏను, అంటే అధికారపత్రాన్ని, లేఖరి నా ముందు పెట్టాడు. సంతకం కలంతో కాదు, ఆధార్ ఓటీపీతో చేసిన ఈ-సంతకం.

చెల్లదన్నాను. చాలా పత్రాలకు ఈ-సంతకాన్ని ఒప్పుకున్న చట్టం జీపీఏను మాత్రం బయటే ఉంచింది. తర్వాత ఇచ్చిన సడలింపు బ్యాంకుల వంటి నియంత్రిత సంస్థలకిచ్చే అధికారపత్రాలకే. భార్య ప్లాటు అమ్మడానికి వర్తించదు.

లేఖరి వరండా వైపు తిరిగాడు. "సారుకు కంప్యూటరంటే బుగులు. బ్యాంకోళ్లే ఫోన్ల సంతకం తీసుకుంటున్రు, గీయనకు మాత్రం సిరా గావాలె!"

అందరూ నవ్వారు.

అంతటితో ఆగక, జనాన్ని సతాయిస్తున్నానని పైకి అర్జీ పెట్టాడు. మెమో వచ్చింది. సెక్షన్లన్నీ చూపిస్తూ ఆరు పేజీల జవాబు రాశాను. నాదే ఒప్పని తేలేసరికి ఇరవై రోజులు గడిచాయి. లేఖరి క్షమాపణ చెప్పలేదు. నేను అడగడం మానలేదు.

మెమో సంగతి తేలిన మరునాడు సుజాత ఒంటరిగా వచ్చింది. "చెల్లదన్నరు సార్, మంచిదే. ఏం జేస్తే చెల్లుతదో ఒక్కమాట చెప్పకపోతిరి. మీ ఇద్దరి పంచాయితిల నా దినాలు వాయె."

తిరస్కరిస్తే కారణం రాసి ఉత్తర్వు ఇవ్వాలి. జిల్లా రిజిస్ట్రారుకు అప్పీలు దాని మీదే వెళ్తుంది. దస్తావేజు ఇంకా దాఖలు కాలేదు కదా అని నేను నోటిమాటతో తిప్పి పంపాను.

అప్పుడు చీటీ రాసిచ్చాను: భర్త దుబాయిలోని మన కాన్సులేటుకు వెళ్లి, అధికారి ఎదుట సంతకం చేయాలి. అసలు కాగితం ఇండియా చేరిన మూడు నెలల్లోపు జిల్లా రిజిస్ట్రారు దగ్గర స్టాంపు వేయించాలి.

"గింతేనా సార్?" అంది.

కాగితం వచ్చి, స్టాంపు పడి, నా బల్ల మీదకు చేరేసరికి కొనేవాడు విమానమెక్కి మూడు రోజులైంది. ఇంకో బేరం కుదరడానికి ఏడాది పట్టింది. ఆ ఏడాదంతా ఆమె భర్త నడుముకు పట్టీ కట్టుకుని షార్జాలోనే పనిచేశాడు.

చట్టం విషయంలో నాదే ఒప్పు, నేటికీ అదే అంటాను. లేఖరి మీద కోపమూ పోలేదు. కానీ చెల్లదని చెప్పడం సబ్-రిజిస్ట్రారు పనిలో సగమే. ఎలా చెల్లుతుందో అదే రోజు కాగితం మీద రాసివ్వడం మిగతా సగం. ఆ సగం నేను చేయలేదు.