టిక్కు పడని మూడో పని

ఆరేళ్లుగా మా ఇంట్లో బీరువా పైఅరలో ఒక నోటుబుక్కు ఉంది. నీలం అట్ట, రెండు వందల పేజీలు. తూకం వేస్తే పావుకిలో కూడా ఉండదు. అయినా ఆ అరలో ఏదైనా తీయవలసి వచ్చినప్పుడల్లా నా చెయ్యి ఒక్క క్షణం ఆగుతుంది. ఇంట్లోవాళ్లకు అది పాత కాగితం. నాకు అది నేను ఒక మనిషికి చేసిన అన్యాయానికి మిగిలిన సాక్షి. పోయిన నెల దాకా ఎవరికీ చెప్పలేదు. మీకు చెబుతున్నాను. మీరెవరో నాకు తెలియదు కాబట్టి చెప్పగలుగుతున్నానేమో.

ఇరవై రెండేళ్లు దినపత్రికలో పనిచేశాను. వార్తలో తప్పు దొర్లితే మర్నాడు లోపలి పేజీలో, ఒక మూలన, చిన్న పెట్టెలో సవరణ వేసేవాళ్లం. నా వార్తలకు సవరణ పడింది చాలా తక్కువ. ఆ మాట నలుగురిలో చెప్పుకునేవాణ్ణి కూడా. ఆ పేరే తర్వాత నా నోరు నొక్కిందని ఇప్పుడు అనుకుంటాను.

పత్రికలో మనుషుల్ని తగ్గించినప్పుడు నేనూ బయటికి వచ్చాను. తిరుచానూరులో చెంగారెడ్డి అని ఒక లాడ్జి యజమాని పాత పరిచయం. గదులు ఊడ్చి తుడవడం, దుప్పట్లు ఉతికించడం కాంట్రాక్టుగా ఇస్తానన్నాడు. పనివాళ్లను నేను పెట్టుకోవాలి, వాళ్ల మంచిచెడ్డలు నేనే చూసుకోవాలి. నలభై మంది దాకా చేరారు. పని ఆరు నెలల్లో పట్టుబడింది. కాగితాలే పట్టుబడలేదు. హాజరు పట్టీ, పీఎఫ్, ఈఎస్ఐ, లేబర్ లైసెన్సు, జీఎస్టీ. ఒక్కోదానికి ఒక్కో గడువు. ఇన్నేళ్లూ సాయంత్రం గడువుకు వార్త అందించినవాణ్ణి, నెల గడువు మాత్రం గుర్తుపెట్టుకోలేకపోయాను. అప్పుడు ఎవరో గోమతి పేరు చెప్పారు.

ఆమె అసలు పేరు అది కాదు. నా పేరు అసలే రాయడం లేదు. ఇదీ పిరికితనమేనా? కావచ్చు.

గోమతిది నగరి దగ్గర నేతపని కుటుంబం. ముప్పై అయిదేళ్లుంటాయి. తిరుపతిలో ఒక మేడమీది గది అద్దెకు తీసుకుని నాలాంటి చిన్న కాంట్రాక్టర్ల కాగితాలు చూసేది. మొదటిరోజు నేను ఒక ప్లాస్టిక్ సంచీ నిండా కాగితాలు తీసుకెళ్లి ఆమె బల్లమీద కుమ్మరించాను. ఆమె వాటిని ముట్టుకోలేదు.

“కాంట్రాక్టర్లంతా ఇంతే సార్. లెక్కలామె తావ పడేస్తే ఇంగ మనకేం పని లేదనుకుంటారు. మీరిచ్చింది నేను రాస్తా. మీరియ్యంది యాడ తెచ్చేది?” అంది.

తర్వాత ఒక కొత్త నోటుబుక్కు తీసింది. ఇనుప స్కేలు పెట్టి పేజీకి నడిమిన నిలువుగా గీత గీసింది. ఎడమవైపు పైన ‘మీరు’ అని, కుడివైపు పైన ‘నేను’ అని రాసింది. ప్రతి పనినీ ఇద్దరం మాట్లాడుకున్నాక ఏదో ఒక వైపు వేసింది. హాజరు పట్టీ సరిచూడటం నా వైపు. దాన్ని కంప్యూటర్లో ఎక్కించడం ఆమె వైపు. కొత్తగా చేరినవాళ్ల కాగితాలు చేరినరోజే ఇవ్వడం నా వైపు, మూడో పని. వాళ్ల పేర్లు ఈఎస్ఐలో, అంటే కార్మికుల వైద్య బీమాలో, ఎక్కించి కార్డు తెప్పించడం ఆమె వైపు. పని అయితే టిక్కు పెట్టాలి. అయితే ఒక నియమం పెట్టింది.

“మీ పనికి మీరే టిక్కు పెట్టాల సార్. మీ బదులు నేను పెడితే అది పని కాదు, బొమ్మ.”

నోటుబుక్కు ఎవరి దగ్గర ఉండాలని అడిగాను. “మీ తావే. మరిసిపోయేది మీరు కదా” అంది నవ్వకుండా. తర్వాత నవ్వింది.

ప్రతి నెలా ఐదో తారీఖు ఉదయం నేను ఆ నోటుబుక్కు పట్టుకుని ఆమె గదికి వెళ్లేవాణ్ణి. నాలుగేళ్లు ఒక్క ఐదో తారీఖు తప్పలేదు. ఆ గది ఇప్పటికీ కళ్లకు కట్టినట్టుంది. కింద వీధిలో మల్లెలు మూరలు కొలిచే ఆడవాళ్ల గొంతులు, కిటికీ సందులోంచి వచ్చే ఆ వాసన, స్టీలు గ్లాసులో చిక్కటి కాఫీ. ఆమె పేజీ తిప్పి, స్కేలు ఆనించి, ఒక్క ఊపున గీత గీసేది. కాగితం మీద పెన్ను జారిన ఆ సన్నని చప్పుడు వినడానికే వెళ్లినట్టుండేది ఒక్కోసారి. నా వైపు టిక్కు లేని పని కనబడితే కళ్లజోడు పైకి తోసి, “మీ పేపర్లో గూడా ఇట్లే సగం వార్త రాస్తాంటిరా సార్?” అనేది. ఒకసారి పన్నెండు నెలలకు సరిపడా పేజీలకు ముందే గీతలు గీసిపెట్టింది. ఎందుకని అడిగితే, “మగ్గమోళ్ల ఇంటి బిడ్డను సార్. పడుగు ముందే పరిచి పెట్టుకుంటాం” అంది.

ఇది ప్రేమా అని మీరు అడగవచ్చు. నన్ను నేనే అడిగాను, చాలాసార్లు. ఆ పేరు పెట్టడానికి నాకు ధైర్యం లేదు, అవసరం ఉందని కూడా అనిపించదు. కొందరి ఎదుట మనం ఉన్నదానికన్నా కొంచెం సరైన మనిషిగా ఉంటాం. ఆమె బల్లకు ఇవతల కూర్చున్న ఆ గంటసేపు నేను అలా ఉండేవాణ్ణి. అది చాలు.

ఇప్పుడు చెప్పవలసింది చెబుతాను.

కార్వేటినగరం దగ్గరి పల్లె నుంచి మునెమ్మ అనే ఆమె పనిలో చేరింది. నలభై దాటిన మనిషి, గట్టిగా నవ్వే మనిషి. చేరినరోజే ఆధార్ జిరాక్సు, ఫోటో నా చేతికిచ్చింది. నోటుబుక్కులో పెట్టుకున్నాను. మర్నాడు ఇద్దామనుకున్నాను. రెండు రోజుల తర్వాత గోమతి ఫోన్ చేసింది. “కొత్తామె చేరిందంట కదా సార్, కాగితం?” రేపిస్తానన్నాను. వారానికి మళ్లీ చేసింది. రేపే అన్నాను. మూడోసారి ఫోన్ వచ్చినప్పుడు నేను టీ అంగడి దగ్గర పాత మిత్రులతో ఉన్నాను. ఒకప్పుడు నేను రాసిన ఏదో వార్త గురించి, దానికి ఒక అధికారి ఎలా వణికిపోయాడో చెబుతున్నాను. ఫోన్ మోగుతూనే ఉంది. తీయలేదు. కథ మంచి పట్టులో ఉంది మరి.

చేరిన మూడో వారం మునెమ్మ తడి దుప్పట్ల మోపుతో లాడ్జి మెట్లమీద జారింది. తుంటి ఎముక విరిగింది. బీమా ఆసుపత్రికి తీసుకెళ్తే అక్కడివాళ్లు పేరు వెతికారు. లేదు. నిజంగానే లేదు, ఉండదు కూడా. ఆమె కాగితం నా భుజానికున్న సంచీలో ఉంది. ప్రైవేటు ఆసుపత్రిలో చేర్చాం. నేను కొంత, చెంగారెడ్డి కొంత పెట్టుకున్నాం. చాలలేదు. మునెమ్మ చెవికమ్మలు తాకట్టుకు పోయాయి.

మర్నాడు పొద్దున చెంగారెడ్డి నన్నూ గోమతినీ తన గదికి పిలిపించాడు. ఆ సంభాషణ నాకు అక్షరం పొల్లుపోకుండా గుర్తుంది. విన్నది విన్నట్టు గుర్తుపెట్టుకోవడమే కదా ఇన్నేళ్లూ నా వృత్తి.

“ఏమప్పా, ఆమె పేరే లేదంట కదా ఆడ? రేపు నలుగురొచ్చి అడిగితే నేనేం చెప్పాల? ఎవురి తావ ఆగింది కాగితం?” అన్నాడు చెంగారెడ్డి.

“నేను ఇచ్చేసినాను. లెక్కల దగ్గరే ఆగింది” అన్నాను.

ముందుగా అనుకుని అన్నమాట కాదు. కాంట్రాక్టు పొడిగించాల్సిన నెల అది. నలభై కుటుంబాలు నా మీద ఆధారపడి ఉన్నాయని తర్వాత చాలాకాలం నాకు నేనే చెప్పుకున్నాను. అది అబద్ధం కాదు. అయితే ఆ క్షణంలో నాకు ఆ నలభై కుటుంబాలు గుర్తుకు రాలేదు. తప్పు పడనివాడు అనే నా పేరొక్కటే గుర్తొచ్చింది.

గోమతి నా వైపు తిరిగింది. కోపం లేదు. తనే ఏదో మరిచిపోయిందేమోనని వెతుక్కుంటున్నట్టు అడిగింది.

“ఎప్పుడిచ్చినారు సార్?”

“చేరిన వారంలోనే.”

“అయితే నోటుబుక్కు తీయండి. మూడో పనికి టిక్కు ఉండాదో లేదో చూస్తాం.”

“ఏ నోటుబుక్కు?” అన్నాను.

సంచీ నా ఒళ్లోనే ఉంది. జిప్పు సగమే వేసి ఉంది. నీలం అట్ట మూల బయటికి కనబడుతోంది. ఆమె ఆ మూల వైపు చూసింది. తర్వాత నా ముఖం చూసింది. ఎంతసేపు చూసిందో చెప్పలేను. నా చెయ్యి మెల్లగా సంచీమీదికి వెళ్లి ఆ మూలను కప్పింది. అది కూడా ఆమె చూసింది.

“సరేనన్నా, నా తావే ఆగిపోయిండాదనుకోండి” అంది చెంగారెడ్డితో.

“అనుకునేదేందమ్మా? ఆగిందా లేదా? ఇంత చదువుకొని ఒక ఆడమనిషి కాలు పోగొడ్తివే!”

“ఆగిపోయిందన్నా.”

లేచి వెళ్లిపోయింది. వెళ్తూ కుర్చీని చప్పుడు కాకుండా లోపలికి జరిపింది.

ఆమె ఎందుకు ఒప్పుకుంది? చెయ్యి చాచి ఆ సంచీ లాగవచ్చు కదా? మూడుసార్లు ఫోన్ చేశానని అరవవచ్చు కదా? ఆరేళ్లుగా నన్ను నేనే అడుగుతున్నాను. జాలిపడిందా? అసహ్యపడిందా? కళ్లెదుట ఉన్నదాన్ని లేదనే మనిషితో ఇక మాట్లాడటానికి ఏముందని అనుకుందా? ఏది నిజమైనా నాకు మంచిది కాదు.

తిరుచానూరు లాడ్జీలవాళ్లంతా ఒకరికొకరు తెలిసినవాళ్లే. మాట పాకింది. ఆమె చేతిలో ఉన్న కాంట్రాక్టర్లు ఒక్కొక్కరే కాగితాలు వెనక్కి తీసుకున్నారు. రెండు నెలలకు ఆ మేడమీది గదికి తాళం పడింది. నాకు కాంట్రాక్టు పొడిగించారు.

మునెమ్మను చూడటానికి ఆసుపత్రికి వెళ్లాను. “ఆ లెక్కల అమ్మణ్ణి నా కాగితం మరిసిపోయిందంట కదా సార్. పోనీలే, దానికీ ఎన్ని పన్లో” అంది. ఎముక విరిగి పడుకున్న మనిషి, తప్పు చేయని మనిషిని క్షమిస్తోంది. తప్పు చేసిన నేను పక్కనే బత్తాయిల సంచీ పట్టుకుని నిలబడి ఉన్నాను. ఊ అన్నాను. మొదటి అబద్ధమైనా తొందరలో నోరుజారిందనుకోవచ్చు. ఈ ఊ మాత్రం ఆలోచించి అన్నదే. మునెమ్మ ఇప్పటికీ కుంటుతూనే నడుస్తుంది.

తర్వాత ఇంకో అకౌంటెంటును పెట్టుకున్నాను. ఆయన గీతలు గీయడు. “మీరు సంతకం పెట్టి పోండి సార్, మిగతాది మేం చూసుకుంటాం” అంటాడు. అన్నీ సక్రమంగానే జరిగాయి. అయితే ఐదో తారీఖు వచ్చిందంటే పొద్దున్నే స్నానం చేసి చొక్కా వేసుకుని, వెళ్లవలసిన చోటు ఏదీ లేక వరండాలో నిలబడేవాణ్ణి. ఎన్నో మంచి గొంతులు విన్నాను. “సగం వార్త రాస్తాంటిరా” అని అడిగే గొంతు మళ్లీ వినలేదు. ఎవరూ నన్ను తప్పు పట్టని రోజులు ఇంత ఖాళీగా ఉంటాయని నాకు తెలియదు.

మూడేళ్ల తర్వాత ఒకసారి గోమతి వాళ్ల ఊరు వెళ్లాను. చెప్పేద్దామనే వెళ్లాను. వీధి మొదట్లోనే పవర్‌లూముల చప్పుడు. ఆమె తండ్రి మర ఆపి, చేతులు తుడుచుకుంటూ బయటికి వచ్చాడు. నేను ఫలానా అని చెప్పగానే ఆయన ముఖం విప్పారింది.

“మీరా సార్! రండి, కూసోండి. మా పాప ఎప్పుడూ చెప్తాండె. పేపర్లో చేసినోరు, ఒక్క మాట తప్పు రాయరని. తిరుపతి నీళ్లు పడలేదని వచ్చేసింది సార్. ఇప్పుడు సత్యవేడు తట్టు ఒక కంపెనీలో ఉండాది.”

నీళ్లు పడలేదట. ఇంట్లో కూడా చెప్పుకోలేదు. ఆయన మజ్జిగ తెప్పించాడు. తాగాను. ఆమె ఫోన్ నంబరు అడగకుండానే ఇచ్చాడు. చెప్పవలసిన మాట గొంతుదాకా వచ్చి, లోపల ఎవరో మర మళ్లీ మొదలుపెడితే ఆ చప్పుడులో ఆగిపోయింది. మర మీద నెపం పెట్టడం కూడా నాకు అలవాటే. నిజం ఏమిటంటే, ఆ ఇంట్లో ఇంకా నేను ఒక్క మాట తప్పు రాయని మనిషిని. ఆ కాస్త చోటు వదులుకోలేకపోయాను.

పోయిన నెల కాంట్రాక్టు మానేశాను. వయసు అయింది. కాగితాలన్నీ చెంగారెడ్డికి అప్పజెప్పినరోజు కుర్చీలో కూర్చుని అసలు సంగతి చెప్పాను. “ఇప్పుడు చెప్పి ఏం లాభమప్పా?” అన్నాడు. ఏమీ లేదు. ఆయన అన్నది నిజం. కార్వేటినగరం వెళ్లి మునెమ్మకూ చెప్పాను. ఆమె నా ముఖం చూడలేదు. “ఆ అమ్మణ్ణిని నేను యెంత తిట్టుకునింటినో మనసులో” అంది. అంతే. మంచినీళ్లు ఇవ్వలేదు.

ఈ రోజు పొద్దున నోటుబుక్కు బీరువాలోంచి తీశాను. ఆ నెల పేజీ వెతకనక్కరలేదు, మునెమ్మ ఆధార్ జిరాక్సు ఇంకా అందులోనే ఉంది. నడిమి గీత చెక్కుచెదరలేదు. ఎడమవైపు మొదటి పనికి నా టిక్కు. రెండో పనికి నా టిక్కు. మూడోది ఖాళీ. ఆ తర్వాతి నెలల పేజీలకు ఆమె ముందే గీసిపెట్టిన గీతలు, వాటికి అటూ ఇటూ ఏమీ లేదు. పెన్ను తీసుకుని మూడో పని పక్కన ‘ఇవ్వలేదు’ అని రాశాను. కింద సంతకం, నేటి తేదీ. ఫోటో తీసి ఆమె తండ్రి ఇచ్చిన నంబరుకు పంపాను. క్షమించమని రాయలేదు. ఆ మాట రాస్తే ఇన్నాళ్ల తర్వాత ఆమెకు మళ్లీ ఒక పని అప్పజెప్పినట్టవుతుంది.

ఆమె చూసినట్టు ఫోన్‌లో గుర్తు పడింది. జవాబు రాలేదు. మధ్యాహ్నం అయింది, ఇంకా రాలేదు. వస్తుందని కాదు, ఫోన్ మాత్రం పక్కనే పెట్టుకున్నాను.

ఈ రోజు ఐదో తారీఖు. నా వైపు పని ఒకటి అయింది.