రెండు రబ్బరు బ్యాండ్ల రంగు

మా నాన్న బోర్డులు రాసేవాడు. "పెయింట్లు వేసేవాడు" అంటే ఆయనకు కోపం ముక్కు మీదికొచ్చేది. గోడలకు వేసేవాళ్ళు వేరేనట, ఆయన అక్షరాల మనిషట. మా వీధి మొదట్లో ఉన్న మందుల షాపు నుంచి బస్టాండు పక్కన తాళాలు బాగుచేసే కొట్టు దాకా ఏ బోర్డు చూసినా ఆయన చేతిరాతే. బోర్డు పూర్తికాగానే నిచ్చెన దిగి, చేతులు తుడుచుకుని, రోడ్డు దాటి అవతల నిలబడి చదువుకునేవాడు. "ఇక్కణ్ణుంచి చదవలేకపోతే అది బోర్డు కాదే అమ్మాయ్, గోడకి అలంకారం" అనేవాడు నాతో.

పక్కన అమ్మ ఉండాల్సిందే. పొద్దున్నే క్యారియర్ పట్టుకుని ఆయనతో బయల్దేరి, సాయంత్రం దాకా నిచ్చెన కింద పీట వేసుకుని కూర్చునేది. డబ్బాలు అందించేది, పుల్లతో రంగులు కలిపేది. జనం ఊరుకుంటారా? నాన్నకి "కొంగు పెయింటర్" అని పేరు పెట్టేశారు. పెళ్ళాం కొంగు పట్టుకోకుండా నిచ్చెన ఎక్కలేడని వాళ్ళ ఎకసెక్కం. నాన్న నవ్వేసి ఊరుకునేవాడు. అమ్మ ఊరుకునే రకం కాదు. "కుళ్ళండీ కుళ్ళు. వాళ్ళ ఆవిడలు పక్కన కూర్చోరు మరి!" అనేది నలుగురికీ వినపడేలా.

ఆ నోరే నాకు వచ్చిందని అందరూ అంటారు. అమ్మ పోయి రెండేళ్ళయింది. ఆ రోజు నుంచి నాన్న కుంచె ముట్టలేదు. ఎవరొచ్చి అడిగినా "ఓపిక లేదు బాబూ" అని పంపించేసేవాడు. అమ్మ మీద బెంగ అనుకున్నాను. బెంగే, కానీ అదొక్కటే కాదు.

"మా అమ్మాయి కంప్యూటర్లో బోర్డులు రాస్తుంది" అని నాన్న చెప్పుకుంటూ ఉంటాడు. అంటే నేను షాపులకి, క్లినిక్కులకి వెబ్‌సైట్లు చేస్తాను. చూపు లేనివాళ్ళు, వినపడనివాళ్ళు, చేతులు వణికేవాళ్ళు, ఎవరైనా సరే ఆ సైటు వాడుకోగలిగేలా ఉండాలని మా పనిలో ఒక పెద్ద జాబితా ఉంటుంది. కీళ్ళ నొప్పులకి వ్యాయామం చేయించే క్లినిక్ ఒకటి మా ఇంటికి రెండో వీధిలో ఉంది. దానికి సైటు చేసినప్పుడు ఆ జాబితాలో ప్రతి గడిలోనూ టిక్కు పెట్టి ఇచ్చాను. "ఏ విషయాన్నీ రంగు ఒక్కదానితోనే చెప్పకూడదు" అన్న గడిలోనూ పెట్టాను. సిగ్గు లేకుండా చెప్తున్నాను, ఆ లైను చదవకుండానే పెట్టాను. అపాయింట్‌మెంట్ పేజీ నిండా చిన్న చిన్న గళ్ళు, ఒక్కో గడిలో ఒక్కో టైము. ఖాళీ ఉంటే లేత ఆకుపచ్చ, నిండిపోతే లేత ఎరుపు. ఒక్క మాట కూడా లేదు. చూడముచ్చటగా ఉందని క్లినిక్ డాక్టరమ్మ మురిసిపోయి, ఫోన్లో అపాయింట్‌మెంట్లు తీసుకోవడమే మానేసింది.

ఆ తర్వాత కొన్నాళ్ళకి నాన్నకి కుడి భుజం పట్టేసింది. చొక్కా తొడుక్కోవాలంటే ప్రాణం పోయేది. డాక్టరమ్మ ఆ చెయ్యి అటూ ఇటూ తిప్పి చూసి, "ఆరు వారాలు, వారానికి రెండుసార్లు రావాలండీ. మధ్యలో మానేస్తే ఇది ఇలాగే బిగుసుకుపోతుంది. ఈ చేతిని మీ చెవి దాకా ఎత్తించే పూచీ నాది, వచ్చే పూచీ మీది" అంది. నేను నాన్న ఫోన్లో సైటు తెరిచి ఇచ్చి, "నొక్కితే చాలు నాన్నా" అని చెప్పి నా పనిలో పడిపోయాను.

మూడు వారాలు గడిచాయి. "క్లినిక్‌కి వెళ్ళొచ్చావా?" అంటే "ఆఁ" అనేవాడు. "తగ్గిందా?" అంటే "తగ్గుతోందమ్మా" అనేవాడు. నాలుగో వారం డాక్టరమ్మ ఫోన్ చేసింది. "మీ నాన్నగారు మళ్ళీ మొహం చూపించలేదేంటి? ఊళ్ళో లేరా?"

నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. వంటగదిలో ఎడమచేత్తో గ్లాసు కడుక్కుంటున్న మనిషి మీద విరుచుకుపడ్డాను. "చిన్నపిల్లాడివా నాన్నా అబద్ధాలాడ్డానికి? చెయ్యి పోగొట్టుకుందామనా?"

"ఆ ఫోన్లు నాకు చేతకావే. ఏది నొక్కినా ఖాళీ లేదంటుంది. మూడుసార్లు నొక్కితే మూసుకుపోతుంది."

మూడుసార్లకి మూసుకుపోవడం కూడా నా ఘనకార్యమే. "ఏదీ, నా ముందు నొక్కు" అన్నాను.

నొక్కాడు. ఖాళీ లేదంది. ఇంకోటి నొక్కాడు. అదీ అంతే.

"అయ్యో రామా! ఎర్రవి ఎందుకు నొక్కుతున్నావ్? ఆకుపచ్చది నొక్కు. ఎదురుగానే ఉంది కదా!"

నాన్న ఫోను కేసి చూశాడు. తర్వాత నా కేసి చూశాడు. "ఏది?" అన్నాడు చాలా మెల్లగా.

ఆయన చెయ్యి తుడుచుకుని, బాల్కనీలో ఉన్న చెక్క బీరువా దగ్గరికి నన్ను తీసుకెళ్ళాడు. రెండేళ్ళుగా ఎవరూ తెరవని బీరువా. లోపల రంగు డబ్బాలు, పైనుంచి కారి గడ్డకట్టిన రంగుల కింద లేబుళ్ళు ఎప్పుడో మాయమైపోయాయి. ప్రతి డబ్బాకీ రబ్బరు బ్యాండ్లు వేసి ఉన్నాయి.

"ఒకటుంటే ఎరుపు. రెండుంటే ఆకుపచ్చ. మూడుంటే గోధుమరంగు. మీ అమ్మ వేసింది. నాకు మూడూ ఒకటే, తడి మట్టిలా ఉంటాయి. పుట్టుకతోనే అంతే. పెళ్ళైన రెండో నెలలోనే కనిపెట్టేసింది మహాతల్లి. ఒక్కరి దగ్గరా నోరు జారలేదు. రంగు కలపడం, 'చాలు' అనడం అంతా తనే. నేను అక్షరాలు రాసేవాణ్ణి."

చిన్నప్పుడు ఎర్ర రిబ్బన్లు తెమ్మంటే గోధుమరంగువి తెచ్చాడని నేను రోజంతా అన్నం తినకుండా ఆయన్ని ఏడిపించాను. ఆ రిబ్బన్లు ఇప్పుడు గుర్తుకొచ్చి నాకు ఏడుపొచ్చింది.

"మరి క్లినిక్‌కి వెళ్ళి అడగొచ్చు కదా నాన్నా?"

"ఓసారి వెళ్ళాను. 'ఆకుపచ్చది నొక్కండి తాతగారూ, చిన్నపిల్లలు కూడా నొక్కేస్తారు' అంది కౌంటర్లో అమ్మాయి. తిరిగొచ్చేశాను." బీరువా తలుపు మూసి, "ఎవరికీ చెప్పకమ్మా. రంగులు తెలియని పెయింటరా అని నవ్వుతారు. నలభై ఏళ్ళ పేరు" అన్నాడు.

చెప్పనని మాటిచ్చాను.

మర్నాడు పొద్దున ఆయన్ని వెంటబెట్టుకుని క్లినిక్‌కి వెళ్ళాను. ఆయన బయట కుర్చీలో కూర్చున్నాడు. నేను లోపలికెళ్ళి, గళ్ళలో "ఖాళీ", "నిండింది" అని మాటలు పెడతానని, రెండు రోజులు పేజీ ఆపి అపాయింట్‌మెంట్లు ఫోన్లో తీసుకోవాలని డాక్టరమ్మకి చెప్పాను.

"ఇప్పుడెందుకమ్మా? ఇంత ముద్దుగా ఉంటే! ఇన్నాళ్ళలో ఒక్కరు కూడా ఇబ్బందని చెప్పలేదు."

"చెప్పుకోలేని వాళ్ళు ఉంటారండీ. వాళ్ళు చెప్పరు, రావడం మానేస్తారు."

"ఎవరు మానేశారు? ఒక్కర్ని చూపించు, ఇవాళే మార్చేద్దాం."

నా నోటికి తాళం వేసిన మనిషి గుమ్మానికి అవతలే ఉన్నాడు. నావల్ల ఆయన చెయ్యి బిగుసుకుపోతోంది. నిజం చెప్తే ఆయన పేరు పోతుంది, చెప్పకపోతే ఆయనలాంటివాళ్ళు ఇంకెందరో వెనక్కి తిరిగిపోతారు. తల దించుకుని నిలబడ్డాను.

"నేనమ్మా" అని వినపడింది. నాన్న గుమ్మంలో ఉన్నాడు.

డాక్టరమ్మ నవ్వేసింది. "మీరా? ఊరుకోండి! రంగుల్లోనే బతికిన మనిషి మీరు. బయట మా బోర్డు మీరు రాసిందే కదా! పద్దెనిమిదేళ్ళ నుంచి అందరూ మమ్మల్ని ఆకుపచ్చ బోర్డు క్లినిక్ అనే అంటారు. అలాంటిదే లోపల గోడకి వేయిద్దామని ఇద్దర్ని పిలిపించాను, ఆ ఆకుపచ్చ ఎవరికీ కుదర్లేదు."

నాన్న గొంతు సవరించుకున్నాడు. వెనక కుర్చీల్లో నలుగురైదుగురు ఉన్నారు, కౌంటర్లో ఆ అమ్మాయీ ఉంది.

"ఆ ఆకుపచ్చ నాది కాదమ్మా, మా ఆవిడది. నేను దాన్ని ఒక్కసారి కూడా చూళ్ళేదు. నా కళ్ళకి ఆ రంగు తెలీదు. అక్షరాలు మాత్రమే నావి." వెనక కుర్చీల వైపు ఒకసారి చూశాడు. "కొంగు పెయింటర్ అనేవాళ్ళు నన్ను. నిజమేనమ్మా, కొంగు లేకపోతే ఒక్క బోర్డూ లేదు."

ఎవరూ నవ్వలేదు. కౌంటర్లో అమ్మాయి తల వంచుకుంది. డాక్టరమ్మ లేచి వచ్చి ఆయన్ని బల్ల మీద కూర్చోబెట్టి, "ముందు చొక్కా విప్పండి. మూడు వారాలు పాడుచేశాం" అంది. తర్వాత నా కేసి తిరిగి, "నువ్వింకా ఇక్కడే ఉన్నావేం? వెళ్ళి మార్చు" అని కసిరింది.

మార్చాను. జాబితా మొదటి లైను నుంచి వేలు పెట్టుకుని చదివాను. తప్పులు కుప్పలుగా బయటపడ్డాయి. పేజీ సిద్ధమయ్యాక నాన్న ఫోను కిటికీకి ఆనించి, గది అవతలి గోడ దాకా వెనక్కి నడిచి చూశాడు. "ఆ 'నిండింది' ఇంకాస్త లావుగా రాయవే" అన్నాడు. రాశాను. మిగతా అపాయింట్‌మెంట్లన్నీ ఆయనే బుక్ చేసుకున్నాడు.

చిట్టచివర ఒక ఫొటో మిగిలింది. కళ్ళు కనపడనివాళ్ళకి ఫోను పేజీని పైకి చదివి వినిపిస్తుంది. ఫొటో వచ్చినప్పుడు, దాని వెనక మేము రాసి దాచిన మాటలు చదువుతుంది. పేజీ చూసేవాళ్ళకి ఆ మాటలు కనపడవు. క్లినిక్ బోర్డు ఫొటో వెనక నేను రాసింది "చిత్రం ఒకటి" అని. దానికీ టిక్కు పెట్టాను మహానుభావురాలిని. అది కొట్టేసి మళ్ళీ రాశాను.

క్లినిక్‌లో ఆరు వారాల వ్యాయామం పూర్తయిన రోజు, నాన్న కుర్చీలో కూర్చుని ఉంటే, "ఇది విను" అని ఫోను ఎదురుగా పెట్టాను. ఫోను చదివింది: "క్లినిక్ ముందు బోర్డు. ముదురు ఆకుపచ్చ మీద తెల్లని అక్షరాలు. అక్షరాలు రాసింది ఈ ఊరి పెయింటర్. రంగు కలిపింది ఆయన భార్య."

నాన్న "ఇంకోసారి చదవమను" అని, కుడిచేత్తోనే ఫోను ఎత్తి చెవికి ఆనించుకున్నాడు.